సెన్సర్ మీద నలుసు: తుడిచే చేతికి కావలసిన నిగ్రహం

పెళ్లి ఆల్బమ్ కోసం ఫొటోలు ఎంచుతుంటే లేతనీలం ఆకాశంలో బూడిదరంగు చుక్క ఒకటి కనబడుతుంది. తర్వాతి ఫొటోలో మండపం గోడ మీద, ఆ తర్వాతి దాంట్లో పెళ్లికూతురి చెంప పక్కన, ఫ్రేములో సరిగ్గా అదే చోట అదే చుక్క. లెన్స్ తుడిచినా పోదు, లెన్స్ మార్చినా పోదు. కెమెరా లోపల సెన్సర్ మీద నలుసు పడిందని అప్పుడు అర్థమవుతుంది.

అక్కడి నుంచి చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరిది భయం. సెన్సర్‌ను ముట్టుకుంటే కెమెరా పోయినట్టేనని ఎవరో అన్న మాట పట్టుకుని, ఏళ్ల తరబడి ఆ మచ్చలను కంప్యూటర్లో ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చుంటారు. కొందరిది తొందర. చేతికందిన కళ్లద్దాల గుడ్డతోనో, చెవులు తుడుచుకునే దూది పుల్లతోనో నేరుగా లోపలికి వెళ్లిపోతారు. భయపడేవాళ్లకు కాలం నష్టం. తొందరపడేవాళ్లకు కెమెరాయే నష్టం.

ఈ రెండింటికీ మధ్య నడవదగిన దారి ఉంది. దాన్ని మూడు మాటల్లో చెప్పుకోవచ్చు: అతి తక్కువ జోక్యంతో మొదలుపెట్టండి, ప్రతి మెట్టు తర్వాతా పరీక్షించండి, చాలనిపించిన చోట ఆగిపోండి. సెన్సర్ శుభ్రం చేయడానికి చేతినేర్పు కొద్దిగా చాలు. కావలసింది నిగ్రహం. కిందటి మెట్టుతో పని అయిపోతే పై మెట్టు ఎక్కకుండా ఉండగలగడమే ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోబోయే అసలు విద్య.

మీరు ముట్టుకునేది గాజును

సెన్సర్ మీద దుమ్ము పడిందంటే వెలుతురును గ్రహించే సిలికాన్ పలక మీదే పడిందని అనుకుంటాం. ఆ పలక ముందు గాజు పొరలుంటాయి. పరారుణ కిరణాలను ఆపే ఫిల్టర్, చాలా కెమెరాల్లో దానితో పాటు లో-పాస్ ఫిల్టర్, వాటి మీద వెలుతురు తిరిగి మెరవకుండా వేసిన అతి పలచని పూతలు. నలుసు వాలేది అన్నిటికంటే పైనున్న పొర మీద. మీరు శుభ్రం చేసేదీ దాన్నే.

ఇది తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం పోకూడదు. ఆ పై పూత మీద గీత పడితే రుద్ది పోగొట్టే మార్గం లేదు. ఫిల్టర్ పొరనో, చాలాసార్లు సెన్సర్ యూనిట్ మొత్తాన్నో మార్చాల్సి వస్తుంది. అది కెమెరా మరమ్మతుల్లో ఖరీదైనవాటిలో ఒకటి.

గీత ఎలా పడుతుందో కూడా తెలుసుకోవాలి. మెత్తని గుడ్డ గాజును గీయదు. గుడ్డ కింద చిక్కిన ఇసుక రేణువు గీస్తుంది. ఇసుకలో ముఖ్యంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7. మామూలు గాజుది 5.5 చుట్టుపక్కల. అంటే మన రోడ్ల మీద లేచే దుమ్ములోని క్వార్ట్జ్ ఇసుక రేణువు గాజు కంటే గట్టిది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పబోయే క్రమమంతా దానంతటదే అర్థమవుతుంది: ముందు ఊది రేణువును తరిమేయాలి, ఆ తర్వాతే, తప్పదనుకుంటేనే, తుడవాలి.

నలుసు పరిమాణం కూడా ఊహించుకోండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. ఇరవైనాలుగు మెగాపిక్సెల్ కెమెరాలో ఆ వెడల్పున సుమారు 6,000 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి ఆనని చిన్న పీచు కూడా పది పిక్సెళ్లను కప్పేయగలదు. అందుకే సెన్సర్ వైపు చూసి "బాగానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు.

ముందు చుక్క ఎక్కడిదో తేల్చుకోండి

సెన్సర్ తప్పు లేకుండానే సెన్సర్‌ను తుడిచేవాళ్లు ఎక్కువ. శుభ్రం చేయాలని నిర్ణయించుకునే ముందు చుక్క స్వభావాన్ని చూడండి.

ఫొటోలో లేకుండా వ్యూఫైండర్‌లోంచి చూస్తేనే కనిపిస్తే అది సెన్సర్ మీది ధూళి కాదు. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం మీదో, ఫోకసింగ్ స్క్రీన్ మీదో ఉంటుంది. దానివల్ల ఫొటోకు ఏ హానీ లేదు. ఆ అద్దం పూత పైపైన ఉంటుంది, స్క్రీన్ చాలా సున్నితం, రెండూ గుడ్డ తగిలితే పాడవుతాయి. గాలి ఊదడం కంటే ఎక్కువ ఏమీ చేయకండి.

మెత్తని అంచులున్న బూడిదరంగు చుక్క మామూలు ధూళి. మెలిక తిరిగిన సన్నని గీత పీచు. గుండ్రంగా ఉండి చుట్టూ లేత వలయం కనిపించేది నూనె తుంపర గానీ, ఎండిన నీటి చుక్క గానీ కావచ్చు. ఇవి గాలికి కదలవు.

చీకట్లో, ఎక్కువసేపు షట్టర్ తెరిచి తీసిన ఫొటోలో ఎర్రగానో తెల్లగానో సూదిమొనలా మెరిసే చుక్క హాట్ పిక్సెల్. అది ఎలక్ట్రానిక్ లోపం. ఎంత తుడిచినా పోదు. కొన్ని కెమెరాల మెనూలో ఉండే పిక్సెల్ మ్యాపింగ్‌తో గానీ, సర్వీసు సెంటర్లో గానీ సరిచేయించాలి. అలాగే సంగీత్‌లోనో, బరాత్ డీజే ముందో లేజర్ లైటు నేరుగా లెన్స్‌లోకి కొట్టాక ఫొటోల్లో రంగు గీతలో, చెదరని చుక్కలో మొదలైతే సెన్సర్ కాలిందని అర్థం. అక్కడ శుభ్రతతో చేయగలిగింది ఏమీ లేదు. లేజర్ తిరుగుతున్నంతసేపూ లెన్స్‌ను అటు తిప్పకపోవడమే మందు.

లెన్స్ ముందు అద్దం మీది దుమ్ము ఇలా స్పష్టమైన చుక్కగా పడదు. లెన్స్ మార్చి మళ్లీ తీస్తే చుక్క అదే చోట ఉంటే సెన్సర్‌ది. పోతే లెన్స్‌ది.

పరీక్ష ఫొటో తీయడం

ఇది శుభ్రతకు ముందు ఒకసారి, ప్రతి మెట్టు తర్వాత ఒకసారి చేయాలి.

1. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో ఎఫ్/16 పెట్టండి. ఐఎస్ఓ 100.
2. మబ్బు లేని ఆకాశాన్నో, తెల్లగోడనో, కంప్యూటర్ తెర మీది తెల్ల పేజీనో ఫ్రేమంతా నిండేలా పట్టండి. ఆకాశం వైపు పెడితే సూర్యుడు ఫ్రేములో ఉండకూడదు.
3. ఆటోఫోకస్ ఆపేయండి. గోడ దగ్గరగా ఉంటే ఫోకస్ అనంతానికి, దూరంగా ఉంటే దగ్గరికి తిప్పండి. గోడ మీది మరకలు కలిసిపోయి మాయమవ్వాలి.
4. షట్టర్ నెమ్మదిగా పడితే మంచిదే. తీస్తున్నప్పుడు కెమెరాను కొద్దిగా కదిపితే గోడ గుర్తులు ఇంకా చెరిగిపోతాయి. సెన్సర్ మీది నలుసు మాత్రం సెన్సర్‌తో పాటే కదులుతుంది కాబట్టి చెక్కుచెదరకుండా పడుతుంది.
5. ఫొటోను కంప్యూటర్లో తెరిచి కాంట్రాస్ట్ పెంచి, నూరు శాతం సైజులో ఒక మూల నుంచి మరో మూలకు వరుసగా చూడండి.

ఎఫ్/16 ఎందుకంటే, నలుసు వాలేది పిక్సెల్ మీద కాదు, దానికి కాస్త ఎత్తులో ఉన్న గాజు మీద. ఆ ఎత్తు ఒక మిల్లీమీటరు అనుకుందాం. ఎఫ్/2 దగ్గర ఒక పిక్సెల్‌కు చేరే వెలుతురు ఆ గాజు దగ్గర దాదాపు అర మిల్లీమీటరు వెడల్పున పరుచుకుని వస్తుంది. 50 మైక్రాన్ల నలుసు అందులో నూటికి ఒక వంతు మాత్రమే అడ్డుకుంటుంది. అంత లేత నీడ కంటికి ఆనదు. ఎఫ్/16 దగ్గర అదే వెలుతురు 0.06 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. అదే నలుసు దానిలో సగానికి పైగా కప్పేస్తుంది. చుక్క నల్లగా తేలుతుంది. నలుసు మారలేదు, దాని నీడ మారిందంతే.

చుక్క కనిపించాక అది సెన్సర్ మీద ఎక్కడుందో లెక్క కట్టాలి. లెన్స్ బొమ్మను తలకిందులు చేసి సెన్సర్ మీద వేస్తుంది. కెమెరాను మామూలుగా నిలబెట్టి ముందు నుంచి సెన్సర్‌ను చూస్తే, ఫొటోలో ఎడమవైపున్నది ఎడమవైపే ఉంటుంది, పైన ఉన్నది కిందికి వస్తుంది. ఆకాశంలో ఎడమ పై మూల కనిపించిన చుక్క, మీ ఎదురుగా ఉన్న సెన్సర్ మీద ఎడమ కింది మూల ఉంటుంది.

ఇప్పుడు ఒక నిర్ణయం

పరీక్ష ఫొటోలో నాలుగైదు లేత చుక్కలు కనిపించాయి. మీరు ఎక్కువగా ఎఫ్/2.8లో మనుషుల్ని తీస్తారు. మీ అసలు ఫొటోల్లో ఆ చుక్కలు కనబడటం లేదు. అయితే ఏమీ చేయకండి. నూరు శాతం శుభ్రమైన సెన్సర్ తుడిచిన మరుక్షణం కూడా దొరకదు. దాని వెంట పడితే అవసరం లేని తుడుపులు పెరుగుతాయి. ప్రతి తుడుపుకూ ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది.

ఒకటి రెండు ఫొటోల్లోనే చుక్క కనిపిస్తే లైట్‌రూమ్‌లో చెరిపేయండి. అందులో మచ్చలను ఎత్తి చూపించే సదుపాయం ఉంది. ఒక ఫొటోలో చెరిపినదాన్ని మిగతా ఫొటోలకూ ఒకేసారి వర్తింపజేయవచ్చు. కానన్, నికాన్ కెమెరాలు చాలావాటిలో తెల్లని తలాన్ని ఒకసారి ఫొటో తీసి పెట్టుకుంటే, వాటి సాఫ్ట్‌వేర్ ఆ ఆధారంతో ధూళి గుర్తులను తొలగిస్తుంది.

మీరు ఎఫ్/11, ఎఫ్/16లో ప్రకృతి దృశ్యాలో, కట్టడాలో, నగలో తీస్తారు, చుక్కలు ప్రతి ఫొటోలోనూ తగులుతున్నాయి అంటే మెట్లెక్కడం మొదలుపెట్టండి.

ఒక నియమం: రేపు పెళ్లి కవరేజీ ఉందనగా ఈ రాత్రి సెన్సర్ జోలికి పోకండి. తేడా వస్తే సరిచేసుకునే వ్యవధి ఉండాలి.

మొదటి మెట్టు: కెమెరా తనను తాను విదిలించుకోనివ్వండి

2003లో వచ్చిన ఒలింపస్ ఇ-1 కెమెరా సెన్సర్ ముందున్న గాజును అల్ట్రాసోనిక్ పౌనఃపున్యంతో కంపింపజేసి ధూళిని విదిలించే ఏర్పాటును తొలిసారి తెచ్చింది. 2006లో కానన్ 400డి, ఆ మరుసటి ఏడాది నికాన్ డీ300 అదే దారి పట్టాయి. ఇప్పుడు చాలా కెమెరాల్లో మెనూలోనే సెన్సర్ క్లీనింగ్ ఉంటుంది. కెమెరాను బల్ల మీద దాని అడుగుభాగం ఆనేలా నిలబెట్టి ఆ ఆదేశం ఇవ్వండి. రెండు మూడుసార్లు చేసి పరీక్ష ఫొటో తీయండి. పొడి ధూళి చాలావరకు దీనితోనే రాలిపోతుంది. రాలితే ఇక్కడే ఆగండి.

రెండో మెట్టు: చేతి బ్లోయర్

ముందు గది సిద్ధం చేసుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఏసీ గాలి మీద పడకుండా చూడండి. అగరుబత్తి, సాంబ్రాణి వెలిగించిన గదిలో వద్దు. నేలను తడిగుడ్డతో తుడిచి కాసేపు ఆగితే తేలే దుమ్ము అణుగుతుంది. ఉన్ని దుస్తులు, పీచులు రాలే శాలువాలు వద్దు. చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. ముఖానికి పౌడర్ రాసుకుని ఉంటే అది కూడా కడుక్కోండి.

కెమెరాలో పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీ వేయండి. డీఎస్ఎల్ఆర్ అయితే మెనూలో శుభ్రత కోసం అద్దాన్ని పైకి లేపి ఉంచే ఎంపిక ఉంటుంది. దాన్నే వాడండి. బల్బ్ మోడ్‌లో బటన్ నొక్కిపట్టి పని చేయకండి. వేలు జారినా, బ్యాటరీ అయిపోయినా అద్దం, షట్టర్ మీ పనిముట్టు మీద పడతాయి. మిర్రర్‌లెస్ అయితే లెన్స్ తీయగానే సెన్సర్ ఎదురుగా కనిపించవచ్చు. కానన్ ఆర్ శ్రేణిలోని కొన్ని మోడళ్ల వంటివి ఆఫ్ చేసినప్పుడు షట్టర్ తెరను మూసేస్తాయి. ఆ తెర చాలా పలచన. దాన్ని వేలితో గానీ, గట్టి గాలితో గానీ తాకకండి. మాన్యువల్ చదివి, శుభ్రత మోడ్‌లో తెర తెరుచుకున్నాకే ముందుకెళ్లండి.

ఇక ఊదడం. కెమెరా నోరు, అంటే లెన్స్ తీసిన చోటు, నేల వైపు ఉండేలా ఎత్తి పట్టండి. రబ్బరు బ్లోయర్‌ను ముందు బయట నాలుగుసార్లు నొక్కి దాని కడుపులోని దుమ్మును వదిలించండి. తర్వాత మొనను మౌంట్ వలయం దాటి లోపలికి పోనివ్వకుండా, కింది నుంచి పైకి, ఒక అంచు నుంచి మరో అంచుకు గట్టిగా పదిసార్లు ఊదండి. రాలిన దుమ్ము తన బరువుతో కిందికి పడిపోతుంది. లెన్స్ వెనక భాగాన్నీ ఊది బిగించండి. కెమెరా క్లీనింగ్ మరోసారి నడిపి పరీక్ష ఫొటో తీయండి.

పొడి ధూళికి ఈ రెండు మెట్లు చాలు. చుక్కలు పది నుంచి రెండుకు తగ్గితే, ఆ రెండూ మీ ఫొటోలకు అడ్డం కాకపోతే, పని అయిపోయింది.

మూడో మెట్టు: తడి స్వాబ్

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. నికాన్ తన మాన్యువళ్లలో బ్లోయర్‌తో పోని ధూళిని తాకవద్దని, తుడవవద్దని, తమ అధీకృత సర్వీసు సెంటర్‌కు ఇవ్వమని రాస్తుంది. బ్రష్ ఉన్న బ్లోయర్‌ను కూడా వాడవద్దంటుంది. వారంటీలో ఉన్న కెమెరాను మీరు తుడిచి పాడుచేస్తే ఆ ఖర్చు మీదే. అందువల్ల మూడో మెట్టు మీ బాధ్యత మీద ఎక్కే మెట్టు. దగ్గర్లో నమ్మకమైన సర్వీసు సెంటర్ ఉంటే కెమెరాను అక్కడికి తీసుకెళ్లడం పిరికితనం కాదు. లేనప్పుడు, ఉన్నా రోజుల తరబడి కెమెరాను వదిలిపెట్టలేనప్పుడు, ఈ పని నేర్చుకోవడం అవసరమే. వేలమంది ఫొటోగ్రాఫర్లు దీన్ని తమ చేతులతో క్షేమంగా చేసుకుంటున్నారు.

కొనాల్సినవి రెండే. సెన్సర్ సైజుకు తగిన సీలు వేసిన స్వాబ్‌లు, సెన్సర్ కోసమే తయారైన ద్రవం. ఫుల్‌ఫ్రేమ్‌కు 24 మిల్లీమీటర్ల వెడల్పు స్వాబ్, ఏపీఎస్-సీకి 16 లేదా 17 మిల్లీమీటర్లది. వెడల్పు సరిపోతే ఒక్క లాగుడులో సెన్సర్ ఎత్తు మొత్తం తుడుచుకుపోతుంది. అంచుల్లో తడి మిగలదు. మందుల షాపు స్పిరిట్‌లో నీరు కలిసి ఉంటుంది, చారలు వదులుతుంది. కళ్లద్దాల ద్రవాల్లో సబ్బు పదార్థాలుండవచ్చు. రెండూ వద్దు. కొన్ని సెన్సర్ ద్రవాలు స్వచ్ఛమైన మిథనాల్. అది విషం, నిప్పు అంటుకునేది. పిల్లలకు అందకుండా దాచండి, దీపం దగ్గర వాడకండి, పని అయ్యాక కిటికీలు తెరవండి.

1. బ్లోయర్‌తో మళ్లీ ఊదండి. ఇది ఎప్పుడూ వదలకూడని అడుగు. ఇసుక రేణువు ఉండగా స్వాబ్ దించితే గీత ఖాయం.
2. కెమెరాను బల్ల మీద వీపు ఆనేలా పడుకోబెట్టండి. సెన్సర్ పైకి చూస్తుండాలి. పక్కనుంచి ఎల్ఈడీ వెలుతురు పడేలా పెట్టుకోండి.
3. కొత్త స్వాబ్ సీలు అప్పుడే విప్పండి. దాని అంచు మీద ఒకటి రెండు చుక్కలు వేసి, ద్రవం అంచు పొడవునా ఇంకే దాకా కొద్ది సెకన్లు ఆగండి. అంచు చెమ్మగా ఉండాలి, కారకూడదు. ఎక్కువైన ద్రవం సెన్సర్ అంచుల కిందికి పాకితే తీయడం కష్టం.
4. స్వాబ్‌ను కొద్దిగా వాల్చి, సెన్సర్ ఒక చివర ఆనించి, ఆగకుండా ఒకే వేగంతో రెండో చివర దాకా లాగండి. కాగితం మీద బ్రష్‌తో రంగు గీసేటప్పుడు కుచ్చు కొద్దిగా వంగుతుంది కదా, ఒత్తిడి అంతే.
5. స్వాబ్‌ను తిప్పి, రెండో అంచుతో వచ్చిన దారినే వెనక్కి లాగండి.
6. ఆ స్వాబ్ పని అయిపోయింది. చెత్తబుట్టలో వేయండి. శుభ్రంగా కనిపించినా రెండోసారి వాడకండి. అది ఎత్తుకొచ్చిన రేణువు దాని మీదే ఉంటుంది.
7. ద్రవం ఆరాక పరీక్ష ఫొటో తీయండి.

తొలిసారి తుడిచినప్పుడు ఉన్న మచ్చలు పోయి కొత్త మచ్చలు అంచుకు చేరడం మామూలే. మధ్యలోని మురికి జరిగి అక్కడికి వచ్చింది. కంగారు పడి పదేపదే తుడవకండి. మరో కొత్త స్వాబ్‌తో ఇంకొక్కసారి చేయండి. రెండోదానికీ పోని మచ్చ ఉంటే ఆ రోజుకు ఆగిపోండి. ఎక్కువ ఒత్తితే పోతుందేమో అన్న ఆలోచన వచ్చిన క్షణమే పనిముట్టు కింద పెట్టాల్సిన క్షణం.

కెమెరా బాడీలోనే ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉంటే సెన్సర్ స్థిరంగా బిగించి ఉండదు. అయస్కాంత బలంతో తేలుతూ కదులుతుంది. స్వాబ్ ఒత్తితే ఆ ఏర్పాటు దెబ్బతినవచ్చు. మీ మోడల్‌లో శుభ్రత మోడ్ ఉంటే అందులోనే పెట్టండి. స్వాబ్ బరువు కంటే ఎక్కువ బలం వేయకండి.

అంటుకునే కొస ఉన్న జెల్ పుల్లలు కూడా బజారులో దొరుకుతాయి. పొడి ధూళిని ఒత్తి ఎత్తడానికి అవి పనికొస్తాయి. కానీ సెన్సర్ పూతలన్నీ ఒకలాంటివి కావు. సోనీ సెన్సర్లకు వేరే రకం జెల్ పుల్ల ప్రత్యేకంగా వస్తుంది. మీ కెమెరాకు తగినదేనని తేలనిదే ఏ జెల్‌నూ ఆనించకండి.

ఎప్పుడూ చేయకూడనివి

నోటితో ఊదకండి. ఉమ్మి తుంపరలు పడతాయి. పొడి దుమ్ముకు చాలే పని తడి మరకకు చాలదు.

డబ్బాలో ఒత్తిపెట్టిన గాలిని వాడకండి. అందులోని ద్రవం అతి చల్లగా బయటికి చిమ్మి సెన్సర్ మీద మరకలు వదులుతుంది. కంప్యూటర్లు దులిపే ఎలక్ట్రిక్ బ్లోయర్, టైర్ల షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు. ఆ వేగానికి షట్టర్ తెర దెబ్బతింటుంది. కంప్రెసర్ గాలిలో నూనె, నీటి ఆవిరి కలిసి ఉంటాయి.

చెవి దూది పుల్లలు, టిష్యూ కాగితం, చీర కొంగు, చొక్కా అంచు, లెన్స్ తుడిచే పాత గుడ్డ, ఏవీ సెన్సర్ దగ్గరికి రాకూడదు. ఎంత మెత్తగా ఉన్నా వాటిలో పీచులో, దుమ్మో, చేతి జిడ్డో ఉంటుంది.

దుమ్ము లోపలికి రాకుండా

శుభ్రత తగ్గాలంటే దుమ్ము తగ్గాలి. మన దగ్గర అది ఎక్కడెక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు. మేడారం జాతరలో లక్షలమంది అడుగుల కింద లేచే ఎర్రమట్టి, హోలీ రంగులు, హుస్సేన్‌సాగర్ దారిలో నిమజ్జనం ఊరేగింపు గులాల్, హోమగుండం పొగ, బూడిద. ఇలాంటి చోట లెన్స్ మార్చకుండా ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. ఒక జూమ్ లెన్స్‌తో సర్దుకోండి, లేదా రెండు బాడీలకు రెండు లెన్స్‌లు బిగించుకుని వెళ్లండి. తలంబ్రాల ఘట్టానికి ముందే లెన్స్ మార్చుకోండి. తలంబ్రాలు పడుతుండగా కాదు.

మార్చక తప్పనప్పుడు కెమెరా ఆఫ్ చేసి, నోరు కిందికి పెట్టి, గాలికి వీపు తిప్పి, బిగించాల్సిన లెన్స్‌ను ముందే సిద్ధంగా పట్టుకుని మార్చండి. దుమ్ము గాలిలోంచే కాకుండా లెన్స్ వెనక మూతలోంచి కూడా వస్తుంది. ఆ మూతలను, బాడీ క్యాప్‌ను అప్పుడప్పుడు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కెమెరా బ్యాగును ఖాళీ చేసి వాక్యూమ్ క్లీనర్‌తో లాగండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లోనూ, వానాకాలంలో ఎక్కడైనా తేమ మరో శత్రువు. గాలిలో తేమ ఎక్కువకాలం అధికంగా ఉంటే లెన్స్‌లలో ఫంగస్ పుడుతుంది. కెమెరాను తోలు సంచిలో, బీరువాలో నెలల తరబడి మూసిపెట్టకండి. 40 నుంచి 50 శాతం తేమ నిలిపే డ్రై క్యాబినెట్ మంచిది. కొనలేకపోతే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. రంగు మారినప్పుడు జెల్‌ను వేడిచేసి తేమ పోగొట్టి తిరిగి వాడుకోవచ్చు. ఏసీ హాల్లోంచి ఉక్కపోతలోకి రాగానే లెన్స్ విప్పకండి. చల్లని గాజు మీద ఆవిరి పట్టి ఎండితే మరకలు మిగులుతాయి. కెమెరాను బ్యాగులోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

సర్వీసు సెంటర్‌కు ఎప్పుడు

రెండు స్వాబ్‌లకు పోని మచ్చ, గాజు పొరల మధ్య చేరినట్టు కనిపించే మచ్చ, ఫంగస్, గీత, ఉప్పునీటి తుంపర. ఇవి మీ చేతి పనులు కావు. శుభ్రం చేసిన కొద్దికాలానికే అదే చోట చుక్కలు మళ్లీ మళ్లీ వస్తుంటే కారణం కెమెరా లోపలే ఉండవచ్చు. 2012లో విడుదలైన నికాన్ డీ600లో ఇలాగే జరిగింది. శుభ్రం చేసినా మచ్చలు తిరిగి చేరేవి. చివరికి 2014లో నికాన్ వారంటీతో నిమిత్తం లేకుండా షట్టర్‌ను ఉచితంగా మార్చి ఇవ్వడానికి ముందుకొచ్చింది. తుడుపుతో తీరని సమస్యను తుడుపుతోనే తీర్చాలని పట్టుపట్టకూడదని ఆ ఉదంతం చెబుతుంది.

సెంటర్‌కు ఇచ్చేటప్పుడు మీ పరీక్ష ఫొటో ఒకటి తీసి ఉంచుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఎఫ్/16లో ఇంకొకటి తీసి పోల్చండి.

ఈ నెల సాధన

మొదటి వారం సెన్సర్‌ను ముట్టుకోకుండా పరీక్ష ఫొటో ఒక్కటే తీయండి. ఎన్ని చుక్కలు, ఎక్కడెక్కడ, ఏ రకం, ఒక కాగితం మీద గీసుకోండి. రెండో వారం మీ కెమెరా మాన్యువల్‌లో సెన్సర్ క్లీనింగ్ పేజీ చదివి, మొదటి మెట్టు, రెండో మెట్టు చేసి, కొత్త పరీక్ష ఫొటోను పాతదానితో పోల్చండి. మూడో వారం బ్యాగు, మూతలు, లెన్స్ వెనక భాగాలు శుభ్రం చేయండి. నాలుగో వారం మళ్లీ పరీక్షించి, స్వాబ్ నిజంగా అవసరమా అని మిమ్మల్ని మీరు అడగండి. పొడి ధూళి ఉన్న కెమెరాలకు చాలాసార్లు అక్కర్లేదనే జవాబు వస్తుంది. అవసరమైతే ఇప్పటికి మీ కెమెరా లోపలి సంగతులు మీకు తెలిసి ఉంటాయి కాబట్టి చేయి వణకదు.

మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటే వాళ్లకు మొదట నేర్పాల్సింది స్వాబ్ పట్టుకోవడం కాదు. పరీక్ష ఫొటో తీసి, చూసి, ఏ మెట్టు దగ్గర ఆగాలో చెప్పించండి. ఆ మాట సరిగ్గా చెప్పగలిగినవాళ్ల చేతికి స్వాబ్ ఇవ్వవచ్చు.